కెజీయా: పేరు చివర దేవుడు లేడు, పట్ట ఉంది

సందేహం: మా అబ్బాయి కూతురికి కెజియా అని పేరు పెట్టుకున్నాం. బైబిల్లో కెజీయా అని ఉంది. ఆసుపత్రి కాగితంలో కేజియా అని రాశారు. నెట్‌లో అర్థం వెతికితే ఒకచోట ‘దేవుని బహుమానం’ అని, ఒకచోట ‘లవంగం’ అని, ఇంకోచోట ‘తంగేడు’ అని ఉంది. ఏది నిజం? ఇది అరుదైన పేరేనా? ఇప్పుడు రెండో పాప పుట్టింది. యెమీమా అందామని నేను, జెమీమా అందామని కోడలు. ఎవరి మాట ఒప్పు?
– గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ మనవరాలి పేరుకు అర్థం దాల్చినచెక్క. ఇంకాస్త కచ్చితంగా చెప్పాలంటే, ఆ జాతి చెట్టునుంచి ఒలిచిన సువాసన పట్ట. నెట్‌లో మీకు దొరికిన మూడు అర్థాల్లో ఒకటి కల్పన, ఒకటి పొరపాటు, మూడోది వృక్షశాస్త్రం తెచ్చిన తికమక. మొదటిదాని మీదే నాకు కోపం ఎక్కువ. పిల్లల పేర్ల జాబితాలు తయారుచేసేవారికి అర్థం తెలియని పేరు కనబడితే చాలు, ‘దేవుని బహుమానం’ అని రాసేస్తున్నారు. నిఘంటువు తెరిచి చూసే ఓపిక లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయాలి. పాప ఆ అర్థాన్ని జీవితాంతం నలుగురికీ చెప్పుకుంటుంది కదా!

ఈ కల్పన ఎక్కడ పుట్టిందో ఊహించవచ్చు. యెషయా, యిర్మీయా, జెకర్యా, హల్లెలూయా వంటి మాటల చివరి ‘యా’ దేవుని పేరుకు కుదించిన రూపం. కెజీయా చివర కూడా ‘యా’ వినిపిస్తుంది కాబట్టి ఇక్కడా దేవుడున్నాడనుకున్నారు. కానీ హీబ్రూలో ఈ పేరు రాసే తీరు వేరు. ఇందులో ‘ఈ’కి, చివరి ‘ఆ’కి మధ్య ఉన్నది అయిన్ అనే కంఠ్యాక్షరం. ఆ ధ్వని మనకు లేదు, ఇంగ్లిషుకూ లేదు. అది జారిపోతే ఈ, ఆ అనే రెండు అచ్చులు పక్కపక్కన మిగులుతాయి. అలా మిగిలితే తెలుగు నోరు ఏం చేస్తుందో చిన్నయసూరి వ్యాకరణం చదివినవారికి చెప్పనక్కర్లేదు: యడాగమం. మీరు పలికే ‘య’ అలా వచ్చి కూర్చున్నదే, దేవుని పేరులోది కాదు.

ఇక పట్ట సంగతి. ఈ పేరు బైబిల్లో యోబు గ్రంథం చివరి అధ్యాయంలో వస్తుంది. సర్వం పోగొట్టుకున్న యోబుకు దేవుడు మళ్లీ ఏడుగురు కొడుకుల్ని, ముగ్గురు కూతుళ్లను ఇస్తాడు. కొడుకుల పేర్లు ఆ గ్రంథం చెప్పదు, కూతుళ్ల పేర్లే చెబుతుంది. యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. అన్నదమ్ములతో పాటు వారికీ తండ్రి ఆస్తిలో వాటా ఇచ్చాడని కూడా చెబుతుంది. మూడో పేరుకు అర్థం కాటుక భరిణె, అసలు మాటకు మాట చెబితే ‘కాటుక కొమ్ము’. అంటే ఒకరిది సువాసన, ఒకరిది కాటుక. ఇల్లంతా మళ్లీ కళకళలాడుతోందని కవి ఈ పేర్లతోనే చెప్పాడని నేను నమ్ముతాను.

పేర్ల అర్థాలు పాతకాలం వారికి బాగా తెలుసు. క్రీస్తుకు ముందే వచ్చిన గ్రీకు అనువాదంలో ఈ అమ్మాయిల పేర్లను అర్థాన్ని బట్టి మార్చేశారు. యెమీమాను ‘పగలు’ అన్నారు, కెజీయాను ‘కసియా’ అన్నారు. క్రీ.శ. 400 ప్రాంతంలో లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్ కూడా అదే దారి పట్టాడు. ఆ గ్రీకు ‘కసియా’ కూడా హీబ్రూ, అరబ్బీల కుటుంబమైన సెమిటిక్ భాషల నుంచి గ్రీకులోకి వెళ్లిన మాటే.

హీబ్రూ నిఘంటువులు ఈ మాటను గీకడం, ఒలవడం అనే అర్థమున్న ధాతువుతో ముడిపెడతాయి. బూజు పట్టిన ఇంటి గోడల్ని గీకించాలని లేవీయకాండం చెప్పేచోట వచ్చే క్రియ ఈ ధాతువుదే. విగ్రహం చేసే వడ్రంగిని యెషయా వర్ణించినచోట అతని చేతిలో ఉన్న పనిముట్టు పేరూ దీని నుంచి వచ్చిందే. మన వడ్రంగుల మాటలో దాన్ని చిత్రిక అనవచ్చు. చెట్టునుంచి గీకి ఒలిచినది కాబట్టి ఆ సుగంధద్రవ్యానికి ఆ పేరు.

నాకు ముచ్చటైన విషయం ఏమిటంటే, మన భాషలూ ఈ వస్తువుకు పేరు పెట్టేటప్పుడు సరిగ్గా అలాగే ఆలోచించాయి. సంస్కృతంలో దీన్ని త్వక్ అన్నారు, అంటే తోలు, బెరడు. అమరకోశం దీనికి చెప్పే పేర్లలో త్వచం ఉంది, చోచం ఉంది. రెండూ బెరడే. తమిళులు పట్టై అంటారు, మలయాళీలు కరువాపట్ట, కన్నడిగులు చక్కె. మనం పట్ట అంటాం, చెక్క అంటాం. బిర్యానీలోకి ‘చెక్కా లవంగాలూ’ అని అడిగితే ఏ కొట్టువాడూ ఏ చెట్టు చెక్క అని ఎదురు అడగడు. ఎడారి అంచున ఉన్న హీబ్రూవారు, అడవి పక్కన ఉన్న మనవారు ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని నేను అనను. చేతిలోకి వచ్చిన వస్తువు చుట్టలు తిరిగిన బెరడు. పేరూ దాన్ని బట్టే వచ్చింది.

‘దాల్చిన’ మాత్రం మనది కాదు. పర్షియన్‌లో దార్ అంటే కర్ర, చెట్టు. దార్‌చీనీ అంటే చైనా చెక్క. అరబ్బులు దార్‌సీనీ అన్నారు, ఉర్దూలో దాల్‌చీనీ అయింది. మనకు వచ్చేసరికి దాల్చిని చెక్క, తరవాత దాల్చిన చెక్క. ‘రూపం దాల్చిన’ అనేటప్పటి దాల్చినకు, దీనికి ఏ చుట్టరికమూ లేదు. తెలియని మాటను తెలిసిన మాటలా మార్చుకోవడం జనం నాలుకకు అలవాటు. ఆ లెక్కన దాల్చినచెక్క అంటే ‘చైనా చెక్క చెక్క’. దీన్ని తప్పు అనను. వాడుకలో కుదురుకున్న మాటను వ్యుత్పత్తి చూపించి వెళ్లగొట్టకూడదు.

మీకు కనబడిన ‘లవంగం’ ఎక్కడిదో ఇప్పుడు తేలికగా చెప్పవచ్చు. 45వ కీర్తనలో, రాజు పెళ్లి పాటలో, రాజు వస్త్రాల నిండా సువాసనలే. తెలుగు బైబిలు అక్కడ గోపరసం, అగరు, లవంగిపట్ట అని మూడు చెప్పింది. ఈ మూడోదానికి హీబ్రూలో ఉన్నది మీ మనవరాలి పేరే, బహువచనంలో. లవంగపట్ట అని మన పాతవాళ్లు దాల్చినచెక్కనే అనేవారు, తమిళంలో ఈనాటికీ ఇలవంగప్పట్టై అంటే దాల్చినచెక్కే. లవంగం పూమొగ్గ, లవంగపట్ట బెరడు. ఎవరో పట్టను ఊడగొట్టి లవంగాన్ని మిగిల్చారు. తంగేడు మాట కూడా ఇలాంటిదే. వృక్షశాస్త్రజ్ఞులు కాసియా అనే పేరును రేల, తంగేడు వంటి చెట్ల ప్రజాతికి పెట్టారు. తెలంగాణ రాష్ట్ర పుష్పానికి ఆ శాస్త్రనామం చాలాకాలం ఉంది, ఇప్పుడు దాన్ని సెన్నా అంటున్నారు. ఆ చెట్లకూ ఈ పట్టకూ సంబంధం లేదు.

మరి ఆ పట్ట యెరూషలేముకు ఎక్కడి నుంచి వచ్చింది? అమ్మేవాళ్లు చెప్పేవారు కాదు. అరేబియాలో ఒక సరస్సు దగ్గర కసియా దొరుకుతుందని, గబ్బిలాల్లాంటి రెక్కల జంతువులు దాన్ని కాపలా కాస్తుంటాయని, ఒళ్లంతా తోళ్లు కప్పుకుని వెళ్లి కోసుకొస్తారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఇలాంటివి ధర పెంచడానికి వ్యాపారులు పుట్టించిన కథలని రోమన్ రచయిత ప్లినీ తేల్చి చెప్పాడు. ఈ జాతి చెట్లు పెరిగేది దక్షిణ చైనాలో, సింహళంలో, మన పడమటి కనుమల్లో. యోబు కూతురి పేరులోని పట్ట వీటిలో ఏ తీరం నుంచి ఓడ ఎక్కిందో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

ఇక రాత. హీబ్రూ పేరులో మన ‘జ’ స్థానంలో ఉన్న అక్షరం త్సాదె. ఇప్పటి ఇజ్రాయెల్‌లో దాన్ని ‘త్స’ అని, అంటే దాదాపు మన చాప, చుక్కల్లోని దంత్య చకారంలా పలుకుతారు. అయితే ఇ, ఈ, ఎ, ఏలతో కూడినప్పుడు మన చ, జలు తాలవ్యాలే అవుతాయి కనుక, ఈకారం ముందున్న ఈ పేరులో ఆ ధ్వని మనకు కుదరదు. తెలుగు బైబిలు అనువాదకులు ఈ అక్షరాన్ని సాధారణంగా ‘స’ చేశారు: సీయోను, సాదోకు, సిద్కియా, ఇస్సాకు. ఆ పద్ధతి పట్టుకుంటే కెసీయా కావాలి. ఇక్కడ మాత్రం జకారం రాశారు, బహుశా ఇంగ్లిషు రూపం చూసి. అయినా అచ్చయి, చదివి, పాడి, పిలిచి స్థిరపడిన రూపం కెజీయా. దాన్ని దిద్దమని చెప్పను. వాడుకలో ఈకారం కురచై కెజియా అయింది, దానికీ అభ్యంతరం లేదు. కేజియా మాత్రం ఒప్పుకోను. హీబ్రూలో ఆ మొదటి అచ్చు వినీ వినబడనంత పొట్టిది. దానికి ఏత్వం పెట్టడానికి ఏ ఆధారమూ లేదు, ఇంగ్లిషు అక్షరాలు చూసి తెలుగు రాసే అలవాటు తప్ప. వీలైతే సర్టిఫికెట్‌లో ఇప్పుడే మార్పించండి. బడిలో చేర్చాక మార్పించాలంటే చాలా టెన్షన్.

అరుదైన పేరేనా అన్నారు. అవును, యూదులలోనూ అరుదే. మతసంస్కరణ తరవాత ప్రొటెస్టెంట్లు పాత నిబంధన పేర్లకు మళ్లినప్పుడు ఇంగ్లండ్‌లో, అమెరికాలో దీనికి కాస్త ఆదరణ వచ్చింది. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ చెల్లెలు, 1709లో పుట్టినామె, కెజియా. ఈ కాలంలో స్కాట్లండ్ లేబర్ పార్టీకి 2015 నుంచి 2017 వరకు నాయకురాలు కెజియా డగ్‌డేల్. బరాక్ ఒబామా తండ్రి మొదటి భార్య, కెన్యా ఆవిడ, కెజియా. నైజీరియా సంగీతకారుడొకరు, మగవాడే, కెజియా జోన్స్ అని పేరు పెట్టుకున్నాడు. మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఈ పేరు అక్కడక్కడా వినిపిస్తూనే ఉంటుంది.

రెండో పాప సంగతి. హీబ్రూ ధ్వనికి దగ్గరిది మీ యెమీమా. అర్థం పగలు అని గ్రీకువారు అన్నారు, అరబ్బీ మాటతో పోల్చి పావురం అని నేటి నిఘంటువులు చాలా అంటున్నాయి. నాకు పావురమే సబబు అనిపిస్తుంది, పట్టుబట్టను. హీబ్రూ యకారం లాటిన్ మీదుగా ఇంగ్లిషుకు వెళ్లి జకారమైంది. యోహాను జాన్ అయినట్టు, యాకోబు జాకబ్ అయినట్టు. 2025 అక్టోబరు 30న నవీ ముంబయిలో ఆస్ట్రేలియా మీద 127 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచిన క్రికెటర్ రోడ్రిగ్స్ పేరును మన పత్రికలు జెమీమా అనే రాశాయి. మీ కోడలు ఆ రూపం కోరడంలో తప్పేమీ లేదు. బైబిల్లోని యెహోషువ ఇంగ్లిషు మీదుగా వచ్చి జాషువా అయ్యాడు, ఆ పేరుతోనే గుఱ్ఱం జాషువా తెలుగువారి మహాకవి అయ్యాడు. ఆయన పేరును యెహోషువ అని దిద్దాలని ఎవరికీ తోచలేదు. పిలిచేది మీరందరూ కాబట్టి నిర్ణయం మీ ఇంటిదే. అక్క పేరు బైబిలు రూపంలో ఉంది గనుక చెల్లెలి పేరూ అలాగే ఉంటే బాగుంటుందని మాత్రం నా మాటగా కోడలికి చెప్పండి.