చిరునామాను పేజీకి ముడిపెట్టాలా, పేజీని చిరునామాకా?

సందేహం: శ్రీకాకుళంలో డిప్లొమా విద్యార్థులకు జావా చెబుతున్నాను. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే వికెట్ అనే జావా ఫ్రేమ్‌వర్కులో పేజీలకు మనం కోరుకున్న యూఆర్ఎల్‌లు (వెబ్ చిరునామాలు) పెట్టుకునే పద్ధతి మీద తెలుగులో నోట్సు రాస్తూ ‘ఈ యూఆర్ఎల్ ఆ పేజీకి మ్యాప్ చేయబడింది’ అన్నాను, అంటే అది కొడితే ఆ పేజీ వస్తుందని. ఒక సహోద్యోగి దాన్ని ‘పటీకరించబడినది’ అని దిద్దారు. ఇంకొకరు ‘ప్రతిచిత్రణం’ అనమన్నారు. ఏది సరి? మనం పెట్టుకున్న కస్టమ్ యూఆర్ఎల్‌ని ‘అనుకూల యూఆర్ఎల్’ అనవచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

సమాధానం: మీ వాక్యంలో దిద్దవలసింది ‘మ్యాప్’ కాదు, ‘చేయబడింది’.

ముందు సహోద్యోగుల మాటలు చూద్దాం. పటం మనకు బాగా తెలిసిన మాట. దేవుడి పటం, గాలిపటం, బడి గోడ మీది దేశపటం. ఫొటోకి అద్దం వేయిస్తే పటం కట్టించామంటాం. ‘పటీకరించు’ అని చదివిన పిల్లవాడి మనసులో మెదిలేవి ఈ బొమ్మలే. యూఆర్ఎల్ మ్యాపింగులో బొమ్మ ఎక్కడుంది? ‘ప్రతిచిత్రణం’ హిందీ పారిభాషిక పదం. తెలుగులో చిత్రణ అనగానే పాత్ర చిత్రణ గుర్తొస్తుంది. గణితంలో మనకు ‘ప్రమేయం’ ఉంది, తెలుగు మీడియంలో ఇంటర్ చదివినవాళ్లకు అది కొత్త కాదు. కాని గణితం దాటి బయటికి వస్తే ప్రమేయం అంటే జోక్యం. ‘ఇందులో నా ప్రమేయం లేదు’ అంటాం కదా.

అందుచేత పేరుగా ‘మ్యాపింగు’నే ఉంచండి. అరువు మాటని జంకవద్దు. యూఆర్ఎల్‌కి మనం నిశ్చింతగా వాడే ‘చిరునామా’ పారసీ మాట. అందులోని ‘చిరు’ మన చిన్న అనే చిరు కాదు, ‘సర్’ అంటే తల. ఉత్తరం తలకట్టున రాసేది సర్‌నామా. సర్కారు, దస్తావేజు కూడా ఆ తోవన వచ్చినవే. ఇవాళ వాటిని పరాయివని ఎవరంటారు?

పేరు అరువైనా క్రియ మనదై ఉండాలి. అక్కడే వాక్యం తెలుగవుతుంది. మన ఇళ్లలో ‘అన్నం వండబడింది’ అని ఎవరూ అనరు. అన్నం ఉడికింది, లేదా అమ్మ వండింది. ‘బడు’ చేరితే చేసినవాడు మాయమవుతాడు. మీ పాఠానికి అది మరీ చేటు, ఎందుకంటే అక్కడ అసలు విషయమే చేసిందెవరన్నది. మనం ఏమీ చెప్పకపోతే వికెట్ తనంతట తానే ఒక పొడవాటి చిరునామా తయారుచేస్తుంది. వికెట్, బుక్‌మార్కబుల్ అన్న మాటలు, వాటి వెనక ప్యాకేజీ పేరుతో సహా క్లాసు (పేజీని నడిపే ప్రోగ్రాము ముక్క) పూర్తి పేరు అందులో ఉంటాయి. అది వద్దనుకుంటే అప్లికేషన్ క్లాసులోని ‘ఇనిట్’ మెథడ్‌లో ‘మౌంట్‌పేజ్’ని పిలిచి, ముందు మనకు కావలసిన దారి, తరవాత పేజీ క్లాసు ఇస్తాం. మొదటిది ఫ్రేమ్‌వర్కు పెట్టింది, రెండోది మనం పెట్టింది. రెండింటికీ ‘మ్యాప్ చేయబడింది’ అని రాస్తే పిల్లలకు తేడా ఎలా తెలుస్తుంది? ‘ముడిపెట్టాం’ అనండి.

‘బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టు’ అనే సామెత ఉందిగదా, ఆ మాట ఇక్కడ పనికొస్తుందా అని అడగవచ్చు. సామెతలో తప్పు ముడిది కాదు, పొత్తు కుదరని ఆ రెండింటిదీ. అయితే ఆ సామెతలో గమనించవలసింది ఒకటుంది. రెండు మాటలకీ ‘కి’ ఉంది, అంటే రెండూ సమానం, ఎటునుంచి ఎటైనా ఒకటే. మ్యాపింగు అలాంటిది కాదు, దానికొక దిశ ఉంది. ‘ఆవుని రాటకి కట్టేం’ అన్నప్పుడు నిలిచి ఉన్నది రాట, ‘కి’ దానిదే. ‘రాటకి ఆవుని కట్టేం’ అని తిప్పినా ‘కి’ రాటని వదలదు. ఒక రాటకి రెండు ఆవుల్ని కట్టవచ్చు, ఒక ఆవుని రెండు రాటలకి కట్టం. చిరునామా, పేజీ కూడా అంతే. ఒకే పేజీకి రెండు చిరునామాలు ఉండవచ్చు, చిరునామా ఇచ్చినప్పుడు తెరుచుకోవలసింది మాత్రం ఒక్క పేజీయే. కాబట్టి చిరునామాను పేజీకి ముడిపెట్టాలి. ‘చిరునామాకీ పేజీకీ ముడిపెట్టాం’ అని రాస్తే ఆ దిశ పోతుంది.

‘మౌంట్’ అన్నారు కదా అని ‘పేజీని ఎక్కించాం’ అనవద్దు. నెట్‌లోకి ఎక్కించడమంటే జనానికి అప్‌లోడే.

పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాషకు నిఘంటువు కూర్చారంటే సవరల నోటి మాట విని నేర్చుకున్నాకే. మీరూ కొత్తమాట కట్టేముందు ల్యాబులో చెవి ఒగ్గండి. ‘ఈ యూఆర్ఎల్ కొడితే ఏ పేజీ వస్తాది?’ అని ఒకరినొకరు అడుగుతూ ఉంటారు. మ్యాపింగు మొత్తం ఆ ‘కొడితే’లో ఉంది. ఈ ‘-తే’ మనకు పుట్టుకతో అబ్బిన పనిముట్టు. ఇది ఇస్తే అది వస్తుందని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? నిర్వచనం అక్కడినుంచే మొదలుపెట్టండి: ‘ఏ చిరునామా కొడితే ఏ పేజీ రావాలో ముందే చెప్పి ఉంచడం మ్యాపింగు.’

ఇక ‘అనుకూల’. ఫోన్లలో కస్టమ్‌కి ఆ మాట కనిపిస్తూనే ఉంది, కాని తెలుగులో అనుకూలానికి ఎదురు ప్రతికూలం. అనుకూల యూఆర్ఎల్ అంటే మనకు కలిసొచ్చే యూఆర్ఎల్ అనిపిస్తుంది. ‘మనం పెట్టిన చిరునామా’ అంటే చాలు, రెండు మాటలు ఎక్కువైనా ఫరవాలేదు.

అలా పెట్టుకోవడం ఎందుకని విద్యార్థులు అడిగితే ఆమదాలవలస స్టేషను చూపించండి. ఊరు ఆమదాలవలస, బోర్డు మీద శ్రీకాకుళం రోడ్, రైల్వే కోడు సీహెచ్ఈ. అవి చికాకోల్ అన్న శ్రీకాకుళం పాత పేరులోని అక్షరాలు. ఆ పేరు పోయింది, కోడు ఉండిపోయింది. ఆ కోడు కొట్టి టికెట్టు తీసినవాళ్లు ఇవాళ్టికీ ఆమదాలవలసలోనే దిగుతున్నారు. వికెట్ పెట్టిన చిరునామాలో క్లాసు పేరు ఇమిడి ఉంటుంది కాబట్టి రేపు క్లాసు పేరు మారిస్తే పాత చిరునామా చెల్లదు. మనం ‘/ఫలితాలు’ అని పెట్టి ముడివేసి ఉంటే, లోపల క్లాసు పేరు ఏదైనా, నిరుడు ఆ చిరునామా రాసుకున్న పిల్లకి ఫలితాల పేజీయే తెరుచుకుంటుంది.