ఆ కుర్రవాడి మెడ మీది ఎర్రటి గీత

ప్రియమైన యువ రచయితకు,

నమస్కారం. మీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి రెండో పేజీ దగ్గర విసుగుతో ఆగిపోయాను. రెండోసారీ అక్కడే ఆగాను గానీ, ఈసారి కారణం వేరు. ఈ ఉత్తరమంతా ఆ రెండో పేజీ గురించే.

1851లో లండన్ హైడ్ పార్కులో మహా ప్రదర్శన చూసి ఇల్లు చేరిన పదేళ్ల కుర్రవాడికి మీరు నల్ల మఖమలు కోటు, మోకాలి దగ్గర ముగిసే లాగు, పట్టు నడికట్టు, భుజాల మీద పరుచుకున్న వెడల్పాటి లేసు కాలరు తొడిగారు. ఈ వేషానికి పేరుంది, పుట్టిన కాలమూ ఉంది. ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ రాసిన ‘లిటిల్ లార్డ్ ఫాంట్లెరాయ్’ అమెరికాలో ‘సెయింట్ నికొలస్’ అనే పిల్లల పత్రికలో 1885 నవంబరు నుంచి ధారావాహికగా వచ్చి, మరుసటి ఏడాది పుస్తకమైంది. అందులో రెజినాల్డ్ బర్చ్ వేసిన బొమ్మలు చూసి ఎందరో తల్లులు తమ కొడుకులకు మఖమలు సూట్లు కుట్టించి, జుట్టు ఉంగరాలు తిప్పి పెంచారు. ఆ కథలోని పిల్లవాడికి నమూనా రచయిత్రి రెండో కొడుకు వివియన్. పెరిగి పెద్దవాడైనా ఆ మఖమలు అతన్ని వదలలేదు. 1937లో అతను చనిపోయినప్పుడు కూడా పత్రికలు ఫాంట్లెరాయ్ పేరుతోనే తలచుకున్నాయి. అంటే మీ కుర్రవాడు తన కాలానికి ముప్పై నాలుగేళ్ల తర్వాత పుట్టిన ఫ్యాషన్‌ను తొడుక్కుని తిరుగుతున్నాడు.

లేసు కాలరు అంతకుముందు లేదా అని మీరు అడగవచ్చు. లేకేం! వాన్ డైక్ 1635లో చిత్రించిన విలియర్స్ అన్నదమ్ముల మెడల చుట్టూ ఉన్నది లేసే. సుమారు 1770లో గెయిన్స్‌బరో ‘బ్లూ బాయ్’ చిత్రం వేసినప్పుడు ఆ కుర్రవాడికి తన కాలపు బట్టలు కాక, నూటముప్పై ఏళ్ల వెనకటి వాన్ డైక్ నాటి వేషం వేశాడు. బర్నెట్ కాలపు తల్లులు మళ్లీ ఆ పాత బొమ్మల వైపే చూశారు. ఒకప్పుడు దొరల ఇళ్లకే చెల్లిన ఆ లేసు 1880ల నాటికి గుమాస్తా ఇంటికి కూడా రావడానికి కారణం యంత్రం. హీత్‌కోట్, లీవర్స్ ఇంగ్లండులో తయారుచేసిన లేసు యంత్రాలు ఆ శతాబ్దపు తొలి పదిహేనేళ్లలోనే వచ్చాయి. ఇవన్నీ మీ కథలోకి దించమనడం లేదు. కానీ కాలరు ఏ దారిన వచ్చిందో ఎరగని రచయిత దాన్ని పాత్ర మెడకు చుట్టకూడదు.

1851లో ఆ వయసు కుర్రవాడు వేసుకునేది పొట్టి కోటు, కాలి మడమ దాకా దిగే లాగు, కోటు మీదికి మడిచిన తెల్లని నార కాలరు. పొట్టి కోటుకు లాగును బొత్తాలతో బిగించే స్కెలిటన్ సూటు వంటివి అప్పటికే వెనకబడిపోయాయి. నావికుల దుస్తులు కావాలంటే అవీ దొరుకుతాయి. 1846లో వింటర్‌హాల్టర్ యువరాజు ఆల్బర్ట్ ఎడ్వర్డ్‌ను ఆ దుస్తుల్లోనే చిత్రించాడు. మోకాలి లాగు మాత్రం కుర్రవాళ్లలో వ్యాపించింది 1860ల నుంచి.

ఇప్పుడు నన్ను రెండోసారి ఆపిన వాక్యానికి వస్తాను. రాత్రి పనిమనిషి కాలరు తీసినప్పుడు కుర్రవాడి మెడ మీద ఎర్రటి గీత కనిపించి, ఆమె ఏమీ అనకుండా దీపం పక్కకు జరిపింది అని రాశారు. బాగుంది. మీరు చూసి రాసినది అదొక్కటే. కానీ ఆలోచించండి: మెత్తని లేసు భుజాల మీద వాలి ఉంటుంది, అది మెడను కోయదు. గీత పడేది గట్టిగా గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నార కాలరుకు. ఇంగ్లండులోని ఈటన్ పాఠశాల పేరు మీద లోకమంతా తెలిసినది అలాంటి కాలరే. మీ చేయి నిజం రాసింది, మీ మఖమలు దాన్ని అబద్ధం చేసింది.

బట్టను రాసేవారు దాన్ని తయారుచేసిన చేతిని, ఉతికిన చేతిని రాయకపోతే ఆ బట్ట రాయనట్టే అని నేను గట్టిగా నమ్ముతాను. ఈ నమ్మకం నాకు పుస్తకాల్లో దొరికింది కాదు. మాది నరసాపురం దగ్గర పల్లె. గోదావరి డెల్టాలో పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు పని మా ఇంటి వసారా దాకా వచ్చింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మ మధ్యాహ్నం అన్నాలయ్యాక కొక్కెం సూదితో కాలర్లు అల్లేది. అతుకుపని పక్కింటి అత్తయ్యది. పసుపు చేత్తో తాకితే దారం మరక పడుతుందని నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. ఒకసారి పన్నెండు కాలర్ల మూట నేనే మోసుకెళ్లాను. షావుకారు రెండింటిని వెలుగుకు ఎత్తి చూసి, మురికి పట్టాయని డబ్బు కోసేశాడు. ఆ కాలర్లు ఏ దేశంలో ఎవరి మెడకు చేరేవో మా అమ్మకు ఎన్నడూ తెలియలేదు.

నా తొలి కథ ఆ మూట గురించే. దానిలో కాలరును ఉతికి, గంజిలో ముంచి, బల్ల మీద గుండుసూదులతో పరిచి ఆరబెట్టే పని పేజీన్నర రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ పేజీన్నర కొట్టేసి, షావుకారి కూతురికీ నాకూ మధ్య ప్రేమ కలపమని మార్జిన్‌లో రాసి పంపాడు. నేను ఒప్పుకోలేదు. మూడేళ్లు ఎక్కడా అచ్చు కాలేదు. ఈనాడు కూడా పాతకాలపు కథ అంటే నాలుగు గౌనులు, ఒక గుర్రపుబండి పెట్టి చరిత్ర అయిపోయిందనుకునే సంపాదకులను చూస్తే నాకు కోపం తగ్గదు. మీ మఖమలు కూడా అక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం.

శీర్షిక గురించి, ఏ పత్రికకు పంపాలన్న దాని గురించి మీరు అడిగినవి పక్కన పెడుతున్నాను. ముందు ఆ పనిమనిషిని మరికాసేపు గదిలో ఉంచండి. కాలరుకు బొత్తం ముందుందా వెనకుందా, దాన్ని ఎన్నోసారి ఉతుకుతోంది, గంజి ఎవరు కాస్తారు, మర్నాటి ఉదయానికి ఇంకొకటి సిద్ధంగా ఉందా, ఇవి రాయండి. మఖమలు మీద మనసు చంపుకోలేకపోతే కథను 1887కి జరపండి. కానీ అప్పటికి ఆ మహా ప్రదర్శన జరిగిన గాజు భవనం క్రిస్టల్ ప్యాలెస్ హైడ్ పార్కులో లేదు, 1854 నాటికే సిడెన్‌హామ్‌కు తరలించి మళ్లీ తెరిచారు, కనుక మీ మొదటి పేజీ కూడా తిరగరాయవలసి వస్తుంది. ఏది ఎంచుకున్నారో రాయండి. ఆ ఎర్రటి గీతను మాత్రం కొట్టేయవద్దు.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి