బకెట్ ఎత్తాక వీపు మధ్యలో నొప్పి... డీ8 పూస కుంగిందన్నారు

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. నీళ్ల బకెట్ ఎత్తినప్పటి నుంచి వీపు మధ్యలో నొప్పి, అది పక్కల నుంచి చుట్టుకుని ఛాతీ ముందుకు వస్తోంది. ఈసీజీ బాగుంది. గ్యాస్ అనుకుని చాలా రోజులు మాత్రలు వాడాం. ఎక్స్‌రే తీస్తే డీ8 పూస ముందువైపు కుంగిందన్నారు. అంత చిన్న బరువుకే పూస కుంగుతుందా? కాళ్లు పడిపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: కుంగుతుందండీ, ఎముక గుల్లబారి ఉంటే గట్టిగా దగ్గినా కుంగొచ్చు. ఛాతీ వెనక ఉండే పూసలు 12, వాటిలో ఎనిమిదోది ఇది. ఈ భాగంలో వెన్ను సహజంగానే వెనక్కి ఉబ్బి, గూనిలా వంపు తిరిగి ఉంటుంది కాబట్టి బరువంతా పూసల ముందు అంచు మీద పడుతుంది, అందుకే ముందువైపు నలిగి వెనక గోడ మాత్రం అలాగే నిలబడుతుంది. ఏడో, ఎనిమిదో పూసలూ, పక్కటెముకల గూడు అయిపోయి నడుము మొదలయ్యే చోటూ ఎక్కువగా దెబ్బతింటాయి. నొప్పి ముందుకు రావడం గ్యాస్ వల్ల కాదు. ప్రతి పూస దగ్గర బయల్దేరే నరం పక్కటెముక వెంబడే ముందుకు వస్తుంది, నొప్పి కూడా అదే దారి పడుతుంది. ఈసీజీ తీయించి మంచి పని చేశారు, ఛాతీ నొప్పికి ముందు గుండెనే చూడాలి.

ఇక వెన్నుపాము సంగతి. అది దిగే దారి ఛాతీ భాగంలోనే బాగా ఇరుకు, అక్కడ రక్తసరఫరా కూడా పలచనే, కాబట్టి మీ భయం అర్థం లేనిది కాదు. కానీ పూస వెనక గోడ చెక్కుచెదరకపోతే వెన్నుపాముకు సాధారణంగా ఏమీ కాదు, ఆ గోడ ఎలా ఉందో డాక్టర్‌ను తప్పక అడగండి. కాళ్లలో బలం తగ్గినా, నడక తూలినా, ఛాతీ నుంచో బొడ్డు నుంచో కిందికి మొద్దుబారినా, మూత్రం ఆగినా, తెలియకుండా పోయినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి, తెల్లారేదాకా ఆగొద్దు.

జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉన్నాయా? ఉంటే ఎంఆర్ఐ తీయించాలి. వెన్ను క్షయ, వేరే చోటి నుంచి పాకే క్యాన్సర్ రెండూ ఈ ఛాతీ పూసల్లో ఎక్కువగానే కనిపిస్తాయి, పూస కుంగిన ప్రతిసారీ వయసు మీదికి నెట్టేయకూడదు.

నెలల తరబడి మంచం మీద ఉంచకండి, దాంతో ఎముక ఇంకా బలహీనపడుతుంది. నొప్పి ఓర్చుకోగలిగినంత వరకు నడిపించండి. ముందుకు వంగి బరువులెత్తడం వద్దు, వీపు మీద గట్టిగా నొక్కి సరిచేస్తామనే వాళ్ల దగ్గరికి అసలే వద్దు. నొప్పి తగ్గగానే వైద్యం ఆపేయడం నేను తరచూ చూసే పొరపాటు. ఒక పూస కుంగిన వాళ్లకు ఇంకోటి కుంగే ముప్పు చాలా ఎక్కువ. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్, కాల్షియం, విటమిన్ డి పరీక్షలు చేయించి, ఎముక బలానికి మందు ఏది సరిపోతుందో అడిగి మొదలుపెట్టించండి.