ఒక్క అకౌంటే నత్తనడక నడుస్తుంటే

మీ అకౌంట్ చకచకా నడుస్తూ, అదే విండోస్ 10 కంప్యూటర్లో మీ అబ్బాయిది మాత్రం డెస్క్‌టాప్ రావడానికే ఐదు నిమిషాలు పడుతోందంటే, ర్యామ్ కొనడానికి తొందరపడకండి.

మీరు సైన్ అవుట్ చెయ్యకుండా స్విచ్ యూజర్ నొక్కుతున్నారా? అలాగైతే మీ క్రోమ్ ట్యాబులు వెనకాల మెమరీని పట్టుకునే ఉంటాయి. టాస్క్ మేనేజర్‌లో యూజర్స్ ట్యాబ్ తెరిస్తే ఎవరు ఎంత మింగుతున్నారో తెలిసిపోతుంది.

అది కాకపోతే, అబ్బాయి లాగిన్‌లోనే టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్ (లాగిన్ కాగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాముల జాబితా) తెరిచి గేమ్ లాంచర్లు, టోరెంట్ లాంటివి డిసేబుల్ చెయ్యండి. మీ లాగిన్‌లో వెతికితే వాటిలో చాలా కనపడవు, ఎవరి జాబితా వాళ్లది. వన్‌డ్రైవ్ సింక్ (ఫైళ్లను మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌తో సరిచూసుకునే పని) కూడా ఓసారి పాజ్ చేసి చూడండి.

అప్పటికీ అంతేనా? కొత్త అకౌంట్ తెరవండి. అది వేగంగా ఉంటే పాత ప్రొఫైల్లోనే తేడా ఉన్నట్టు. డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటివే కాపీ చేసుకోండి. ప్రోగ్రాములు తమ సెట్టింగులు దాచుకునే యాప్‌డేటా ఫోల్డర్ మొత్తం తెచ్చుకుంటే రోగమూ వెంటే వస్తుంది.