మీ అబ్బాయికి ఇంకో కోచ్ అక్కర్లేదు

ఉత్తరం (కుదించి): మాది తెనాలి వైపు. కెనడాలోని మిల్టన్‌లో స్థిరపడ్డాం. మావాడు నాలుగేళ్లప్పటి నుంచి ఐస్ హాకీ ఆడుతున్నాడు. 2006 జనవరిలో పుట్టాడు. పదిహేనేళ్లకే ఆరడుగులు. ఏ టోర్నమెంట్‌కు వెళ్లినా గోల్స్ వాడివే. 2022లో ఓహెచ్‌ఎల్ (ఒంటారియో హాకీ లీగ్, జూనియర్ల లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే చోట, మూడో రౌండ్‌లో తీసుకున్నారు. ఇక్కడి తెలుగువాళ్లు శాలువా కప్పారు. ఆ తర్వాత రెండు ఎన్‌హెచ్‌ఎల్ (ఇక్కడి పెద్ద ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌లు వచ్చి వెళ్లాయి, వాడి పేరు ఎవరూ పిలవలేదు. ఇప్పుడు నాలుగో లైన్‌లో (ముగ్గురేసి ఫార్వర్డ్‌ల వరసల్లో చివరిది) ఏడెనిమిది నిమిషాలు ఆడిస్తున్నారు, కొన్ని మ్యాచ్‌లకు అసలు దింపడం లేదు. వాడి వెనక రౌండ్లలో వచ్చినవాళ్లు మొదటి లైన్‌లో ఉన్నారు. ఓహెచ్‌ఎల్‌కు వెళ్లేదాకా ఏటా 15 వేల డాలర్లు పెట్టాం, ఇంటి మీద రెండో అప్పు ఉంది. ప్రతి మ్యాచ్ వీడియో చూసి తప్పులు రాసి పంపుతుంటాను. ఈమధ్య ఫోన్ ఎత్తడం తగ్గించాడు. ‘నీ కోసం ఇంత చేశాం’ అంటే పెట్టేస్తాడు. ఏజెంట్‌ను మార్చాలా? ట్రేడ్ (వేరే జట్టుకు మార్పు) అడగాలా? వేరే స్కిల్స్ కోచ్‌ను పెట్టాలా? ఇంత ప్రతిభ ఉన్నవాడు ఎందుకు పైకి రావడం లేదు? – ఒక తండ్రి

మొదటి మూడు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే: వద్దు. నాలుగోదానికి వివరంగా చెబుతాను. అయితే మీ ఉత్తరంలో నా చూపు ఆగిపోయిన చోటు వేరే ఉంది. కొడుకు మీ ఫోన్ ఎత్తడం లేదు. ఆ సంగతిని వీడియోలకూ ఏజెంటుకూ మధ్య ఒక్క ముక్కలో చెప్పి దాటేశారు.

ముందు ప్రతిభ గురించి. కెనడాలో పిల్లల జట్లను పుట్టిన ఏడాదిని బట్టి కడతారు. జనవరిలో పుట్టిన పిల్లాడు డిసెంబరులో పుట్టినవాడి కంటే దాదాపు ఏడాది పెద్ద, కానీ ఇద్దరూ ఒకే జట్టు కోసం పోటీపడతారు. జూనియర్ జట్ల నిండా ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఉంటారని రోజర్ బార్న్స్‌లీ అనే మనస్తత్వవేత్త 1980లలోనే లెక్కలతో చూపించారు. ఏడాది చివర్లో పుట్టినవాళ్లను ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో వెనక తీసుకుంటున్నారనీ, తీరా ఆడేటప్పుడు వాళ్లు ఆ స్థానానికి మించి రాణిస్తున్నారనీ 2013లో ఇంకో అధ్యయనం తేల్చింది. మీవాడి ఈడు పిల్లలకు ఇంకో చిక్కు కూడా ఉంది. కోవిడ్ వల్ల 2020–21 ఓహెచ్‌ఎల్ సీజన్ మొత్తం రద్దయింది, ఒంటారియోలో చిన్నపిల్లల మ్యాచ్‌లు కూడా చాలాచోట్ల ఆగిపోయాయి. జట్ల కోసం ఆటగాళ్లను వెతికే స్కౌట్లు వాళ్లను చూసింది తక్కువ. అలాంటప్పుడు ఒడ్డూ పొడుగూ ఉన్నవాడి మీదే ముందు కన్ను పడుతుంది.

అంత మాత్రాన మీవాడికి ఆట రాదని కాదు. పదిహేనేళ్లప్పుడు వాడు డిఫెండర్‌ను బయటివైపు నుంచి దాటేసి నెట్ దగ్గరికి వెళ్లిపోయేవాడు. అంగ పెద్దది, భుజం గట్టిది. ఇప్పుడు ఎదురుగా ఉన్నవాడికీ పందొమ్మిదీ ఇరవై ఏళ్లుంటాయి, అంతే ఎత్తు, అంతే వేగం. పాత దారిలోనే వెళితే రింక్ చుట్టూ ఉండే బోర్డులకు నొక్కి పక్ (ఆడే బిళ్ల) లాగేసుకుంటాడు. ఒంటి బలంతో గెలిచిన పిల్లలకు పక్ లేనప్పుడు ఎక్కడ నిలబడాలో నేర్చుకోవాల్సిన అవసరం అప్పట్లో రాలేదు. పై స్థాయిలో ఆ లోటే బయటపడుతుంది.

ఎక్కడ బయటపడుతుందో చెబుతాను, ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు మీకూ తెలుస్తుంది. సొంత జోన్‌లో (తమ గోల్ వైపు భాగంలో) బోర్డుల వెంట పక్ వింగర్ (పక్క వైపు ఆడే ఫార్వర్డ్) దగ్గరికి వస్తుంది. అది చేరేలోపే వాడు భుజం మీదుగా వెనక్కి చూసి ఎవరు మీదికి వస్తున్నారో కనిపెట్టాలి. ఒళ్లు బోర్డులకు ఆనించి పక్‌ను కాపాడుకోవాలి. మధ్యలో ఆడే సెంటర్‌కు చిన్న పాస్ ఇవ్వడమో, బోర్డుల మీది గాజుకు కొట్టి బ్లూలైన్ (సొంత జోన్ చివరి గీత) దాటించడమో వెంటనే చేయాలి. అక్కడ పోగొడితే ఎదుటి జట్టుకు గోల్ అవకాశం చేతికిచ్చినట్టే. చివరి ఐదు నిమిషాల్లో ఎవరిని దింపాలన్నది కోచ్ ఇలాంటి చోట్ల చూసే తేల్చుకుంటాడు. రెండోది షిఫ్ట్, అంటే ఒకసారి రింక్‌లోకి దిగి ఆడే సమయం. మామూలుగా 40, 45 సెకన్లు ఉండాలి. చిన్నప్పటి నుంచి గోల్స్ కొట్టినవాడు ఇంకో అవకాశం వస్తుందేమోనని డెబ్భై సెకన్లు రింక్‌లోనే ఉంటాడు. ఈలోగా పక్ అటు తిరిగితే, కాళ్లలో సత్తువ లేక వెనక్కి పరుగెత్తి అడ్డుకోలేడు. కోన్‌ల మధ్య పక్ తిప్పించే స్కిల్స్ కోచ్ దగ్గర ఈ రెండూ నేర్చుకోలేడు, ఎందుకంటే అక్కడ మీదికి వచ్చేవాడు ఉండడు. అందుకే ఆ ఖర్చు వద్దంటున్నాను.

ఇక ఖాళీల లెక్క. ఓహెచ్‌ఎల్‌లో 20 జట్లు, డ్రాఫ్ట్‌లో 15 రౌండ్లు, అంటే ఏటా దాదాపు 300 మంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు, 7 రౌండ్లు. ఒక్కో క్లబ్ 50కి మించి ఒప్పందాలు పెట్టుకోకూడదు, మొదటి జట్టులో ఉండేది 23 మంది. మ్యాచ్‌కు దిగే పన్నెండు మంది ఫార్వర్డ్‌లలో గోల్స్ కోసం నమ్ముకునేది మొదటి రెండు లైన్ల ఆరుగురినే. డ్రాఫ్ట్ అయిన కుర్రాళ్లు దాదాపు అందరూ తమ ఊళ్లో మొదటి లైన్ వాళ్లే. ఆ ఆరుగురిలో చోటు దొరకనివాడు పెనాల్టీ కిల్ (శిక్ష వల్ల ఒకడు తక్కువైనప్పుడు కాచుకోవడం), ఫేస్‌ఆఫ్ (ఆట మొదలయ్యేటప్పుడు పక్ కోసం ఇద్దరి పోటీ), బోర్డుల దగ్గర పోరు నేర్చుకుని కింది ఆరుగురిలో చేరాలి. లేదంటే ఇంటికి రావాలి. నేర్చుకోలేక కాదు, అది తమ స్థాయికి తక్కువ పని అనుకుని చాలామంది ఆగిపోతారు. తక్కువ అని వాళ్ల చెవిలో వేసేది చాలాసార్లు ఇంట్లోవాళ్లే.

మీ పక్కనున్న మిస్సిసాగాలో పుట్టిన మానీ మల్హోత్రానే చూడండి. తండ్రి మన ఉపఖండం మనిషి. గ్వెల్ఫ్ స్టార్మ్ తరఫున ఓహెచ్‌ఎల్‌లో ఆడి, 1998 డ్రాఫ్ట్‌లో ఏడో స్థానంలో న్యూయార్క్ రేంజర్స్‌కు వెళ్లాడు. ఏడో స్థానం అంటే అందరూ గోల్స్ ఆశిస్తారు. అతను ఎన్‌హెచ్‌ఎల్‌లో 991 మ్యాచ్‌లు ఆడాడు, కొట్టిన గోల్స్ 116 మాత్రమే. అన్నేళ్లు నిలబెట్టినవి ఫేస్‌ఆఫ్‌లు, సొంత జోన్‌లో కాపలా. 2010–11లో వాంకూవర్ అతన్ని సొంత జోన్‌లోని ఫేస్‌ఆఫ్‌లకు దింపుతూ, తమ స్టార్ ఫార్వర్డ్‌లు సెడీన్ సోదరులను గోల్స్ కొట్టే పనికి వదిలిపెట్టింది. ఇటువైపు 1993లో మొదటి స్థానంలో వచ్చిన అలెగ్జాండర్ డేగ్ ఉన్నాడు. ఒక్క మ్యాచ్ ఆడకముందే ఒటావా ఐదేళ్లకు 1.225 కోట్ల డాలర్లు రాసిచ్చింది. ఇరవై ఐదేళ్లు వచ్చేసరికి రెండు సీజన్లు ఆటకే దూరమయ్యాడు, తిరిగి వచ్చినా అనుకున్న ఆటగాడు కాలేదు. 2007లో 129వ స్థానం దాకా ఎవరూ పట్టించుకోని జేమీ బెన్, 2015లో లీగ్ మొత్తంలో అత్యధిక పాయింట్లకు ఇచ్చే ఆర్ట్ రాస్ ట్రోఫీ అందుకున్నాడు. మూడో రౌండ్ అనే మాటను మీరింకా మోస్తున్నారు. కోచ్‌కు మాత్రం శిబిరం మొదలైన రెండో వారానికే అది గుర్తుండదు.

తప్పు ఎప్పుడూ కుర్రాడిదే అనను. 2012లో మొదటి స్థానంలో వచ్చిన నయిల్ యకుపోవ్ తొలి సీజన్‌లో 48 మ్యాచ్‌లకు 17 గోల్స్ కొట్టాడు. ఆ తర్వాత ఎడ్మంటన్‌లో కోచ్‌లు వరసగా మారారు, ఒక్కొక్కరు ఒక్కో ఆట అడిగారు. 2018 తర్వాత అతను ఎన్‌హెచ్‌ఎల్‌లో లేడు. క్లబ్‌లు కూడా పిల్లల్ని పాడుచేస్తాయి. అది మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నది మీ ఫోను.

మన ఇళ్లలో ప్రోగ్రెస్ కార్డు ముందు పెట్టుకుని పిల్లాడితో మాట్లాడే అలవాటు ఉంది కదా, మీరు ప్రతి మ్యాచ్‌నూ అలాగే చూస్తున్నారు. ఓహెచ్‌ఎల్ సీజన్‌లో 68 మ్యాచ్‌లు. అంటే ఏడాదికి 68 కార్డులు. పదహారేళ్లకే ఇల్లు వదిలి, బిలెట్ కుటుంబంతో (ఆటగాళ్లకు తమ ఇంట్లో చోటిచ్చేవాళ్లు) ఉంటూ, రాత్రి బస్సులో తిరిగొస్తుంటే వాడికి మీ తప్పుల చిట్టా అందుతుంది. మర్నాడు కోచ్ వీడియో గదిలో ఇంకో మాట చెబుతాడు. మీరు గోల్ కొట్టమంటారు, ఆయన పక్ బయటికి పంపమంటాడు. ఎవరి మాట విన్నా ఇంకొకరి ముందు దోషి. అలాంటివాడు రింక్‌లో అర సెకను ఆలస్యంగా కదులుతాడు, ఆ అర సెకనుకే పక్ పోతుంది. ఇంకో నష్టం కూడా ఉంది. తన తప్పు తాను కోచ్‌ను అడిగి తెలుసుకునే అవసరం వాడికి ఎప్పుడూ రాలేదు. అడగకముందే మీరు చెప్పేశారు.

డబ్బు మాట. ‘నీ కోసం ఇంత చేశాం’ అని మీరు అన్నది మామూలు మాటే, మన పెద్దవాళ్లందరూ అన్నారు. నాకు మాత్రం అది ఒప్పుకోలేని మాట. కన్నబిడ్డ మీద పెట్టింది అప్పు కాదు. నాలుగేళ్ల పిల్లాడు ఇల్లు తాకట్టు పెట్టమని అడగలేదు, ఆ నిర్ణయం మీరూ మీ ఆవిడా తీసుకున్నారు. పందొమ్మిదేళ్లవాడికి ఆత్మగౌరవం ఉంటుంది. తన ప్రతి షిఫ్ట్‌కూ వెనక ఒక వాయిదా ఉందని వినడం ఇష్టంలేకే ఫోన్ పెట్టేస్తున్నాడు. ఆ మాట అన్నందుకు క్షమించమని అడగండి. కొడుకును అడగడం చిన్నతనం కాదు. మెసేజ్‌లో కాదు, వెళ్లి ఎదురుగా కూర్చుని అడగండి, అక్కడ హాకీ ఊసెత్తకండి.

వీడియోలు పంపడం ఈరోజే ఆపండి. మ్యాచ్ అయ్యాక 24 గంటల దాకా ఆట గురించి నోరు మెదపకూడదన్న నియమం ఇక్కడి పిల్లల జట్లలో మీరు విన్నదే. మీ విషయంలో గంటల లెక్క వద్దు, వాడు ఎత్తితేనే మాట్లాడండి. బిలెట్ ఇంటి ఆవిడకు ఫోన్ చేసి ఆరా తీయకండి. కోచ్‌కు, మేనేజర్‌కు మీరు ఉత్తరాలు రాయకండి. ఆదివారం వాళ్లమ్మ ఫోన్ చేసి తిన్నాడా, నిద్రపోతున్నాడా అడిగితే చాలు.

మిగతాది వాడి పని. ఒప్పుకుంటే ఒక్కసారి చెప్పండి, రెండోసారి గుర్తుచేయొద్దు. కోచ్‌ను పదిహేను నిమిషాలు అడిగి ఒంటరిగా వెళ్లాలి. నన్ను ఏ పనికి వాడుకోవాలనుకుంటున్నారు, నిమిషాలు పెరగాలంటే ముందు మారాల్సింది ఏది, మళ్లీ ఎప్పుడు చూసి చెబుతారు అని అడిగి, జవాబులు అక్కడే రాసుకోవాలి. అసిస్టెంట్ కోచ్‌తో కూర్చుని తన షిఫ్ట్‌ల వీడియో చూడాలి. ఆ తర్వాత పది మ్యాచ్‌లు తన లెక్క తనే వేసుకోవాలి: బోర్డుల దగ్గర పక్ ఎన్నిసార్లు అందింది, ఎన్నిసార్లు బ్లూలైన్ దాటింది, 50 సెకన్లు దాటిన షిఫ్ట్‌లు ఎన్ని. ఫేస్‌ఆఫ్‌లు తీయడం, షాట్‌కు అడ్డుపడటం ప్రాక్టీస్ అయ్యాక పదేసి నిమిషాలు చేసినా సీజన్ చివరికి పెనాల్టీ కిల్‌లో చోటు అడిగే హక్కు వస్తుంది.

ట్రేడ్ ఎందుకు వద్దన్నానంటే, కొత్త కోచ్ కూడా అదే వీడియో చూస్తాడు. పైగా వచ్చే సీజన్‌కు మీవాడు ఇరవై ఏళ్ల ఆటగాళ్ల లెక్కలోకి వస్తాడు. ఒక్కో జట్టులో అలాంటివాళ్లు ముగ్గురే ఉండాలి. తెలియని ఊళ్లో ఆ మూడింటిలో ఒక చోటు కోసం మొదటి నుంచి పోటీపడాలి. ఏజెంట్లు ఒప్పందం కుదిరాక అందులోంచి శాతం తీసుకునేవాళ్లు, మీవాడి చేతిలో ఇంకా ఒప్పందం లేదు. ముందే డబ్బు అడిగేవాడు తగిలితే దూరంగా ఉండండి.

ఒప్పందం లేకపోవడం వల్ల ఒక మేలు కూడా ఉంది. ఓహెచ్‌ఎల్‌లో ఆడినవాళ్లకు అమెరికా కాలేజీ హాకీ తలుపులు చాలాకాలం మూసే ఉన్నాయి. 2024 నవంబరులో ఎన్‌సీఏఏ (అక్కడి కాలేజీ క్రీడల సంస్థ) ఆ నియమం మార్చింది, 2025 ఆగస్టు 1 నుంచి వీళ్లూ డివిజన్ 1 (పై స్థాయి) కాలేజీల్లో ఆడొచ్చు. వయసు పెరిగే కొద్దీ అక్కడ ఆడగలిగే సీజన్లు తగ్గొచ్చు కాబట్టి, అర్హత నియమాలు చూసే కాలేజీ కంప్లయన్స్ విభాగాన్ని ఈ సీజన్‌లోనే అడగాలి. కెనడా యూనివర్సిటీల దారీ ఉంది. ఆడిన ఒక్కో సీజన్‌కు ఒక ఏడాది ఫీజు, పుస్తకాలు ఇచ్చే చదువు ప్యాకేజీ వాడి ఓహెచ్‌ఎల్ కాగితాల్లో ఉంటుంది. ఎన్నాళ్లలోపు చేరాలి, ప్రొఫెషనల్ ఒప్పందం చేస్తే ఏమవుతుంది అన్న షరతులు వాడే చదువుకోవాలి. పన్నెండో తరగతి మార్కుల కాగితాలు తీసి పెట్టడం వరకు మీ సాయం. కాలేజీ కోచ్‌లకు ఫోన్ చేయాల్సింది వాడు. తండ్రి ఫోన్ చేస్తే వాళ్లు మర్యాదగా విని పక్కన పెట్టేస్తారు.

వాడు ఆట చాలంటే ‘సరే’ అనండి, కారణం అడగకండి. ఇంటి మీద అప్పు గురించి మీరూ మీ ఆవిడా విడిగా బ్యాంకుకు వెళ్లి వాయిదాలు మార్చుకోండి. ఆ సంభాషణలోకి వాడిని పిలవకండి.