ఏడ్చే బిడ్డను ఎత్తుకుంటే గారాబమా?

పిల్లల పెంపకం గురించి క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. ఫోన్ ఇవ్వకపోతే నేల మీద పడి దొర్లుతాడు, తల బాదుకుంటాడు. నేను దగ్గరకు తీసుకుని ఊరుకోబెడతాను. మా మామగారు సంఘ పెద్ద. ‘బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి’ అనే వాక్యం చూపించి, నేనే వాణ్ణి పాడుచేస్తున్నానంటారు. వాక్యాన్ని కాదనలేను, బిడ్డను కొట్టలేను. ఏం చేయను? - ఒక తల్లి, తెనాలి

జవాబు: ఆయన చూపించింది సామెతలు 13:24. బెత్తమంటే దారి చూపే కర్రేనని కొందరు బోధకులు సర్దిచెబుతుంటారు. 23:13లో ‘కొట్టినయెడల’ అని సూటిగానే ఉంది కాబట్టి ఆ సర్దుబాటు నిలవదు. అయితే అదే 23వ అధ్యాయం 2వ వచనం, తిండిపోతువైతే గొంతుకు కత్తి పెట్టుకొమ్మంటుంది. ప్రేమవిందులో రెండోసారి బిర్యానీ వడ్డించుకునేవాళ్లు ఎవరూ దాన్ని అక్షరాలా పాటించరు. తిరగబడే కొడుకును ఊరివాళ్లు రాళ్లతో కొట్టి చంపాలన్న ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయాన్ని ఏ పాస్టరుగారూ అమలు చేయమనరు. పిల్లల్ని దిద్దకుండా గాలికి వదిలేయొద్దన్నదే సామెతల ఉద్దేశం. ఎలా దిద్దాలన్నది పౌలు తండ్రులకే నేరుగా చెప్పాడు: ‘మీ పిల్లలకు కోపము రేపక’ పెంచమని ఎఫెసీయులకు 6:4లో, వాళ్ల మనస్సు ‘క్రుంగకుండునట్లు’ చూడమని కొలొస్సయులకు 3:21లో. మామగారితో మాట్లాడేటప్పుడు ఈ రెండు వచనాలూ తెరిచి పెట్టుకోండి. వాక్యాన్ని వాక్యంతోనే చూసేవారికి అది నచ్చే దారి.

సంఘ చరిత్రలో రెండు రకాలవాళ్లూ ఉన్నారు. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ తల్లి సుసన్నా, ఏడాది నిండేసరికే పిల్లలకు బెత్తం భయమూ మెల్లగా ఏడవడమూ నేర్పానని 1732లో ఉత్తరం రాసింది. అంతకు ఆరేడు వందల ఏళ్ల ముందు ఫ్రాన్స్‌లోని బెక్ మఠంలో ఉన్న సన్యాసి ఆన్సెల్మ్ దగ్గరికి వేరే మఠాధిపతి ఒకాయన వచ్చి, రాత్రింబవళ్లు కొడుతున్నా మఠంలోని పిల్లలు మారడం లేదని వాపోయాడు. మొక్క నాటి, కొమ్మ చాచనీయకుండా నాలుగు వైపులా బిగించేస్తే ఎలాంటి చెట్టు వస్తుందని ఆన్సెల్మ్ ఎదురడిగాడు. మేము ఆన్సెల్మ్ పక్షం.

ఇక ఇంట్లో చేయాల్సింది. బాబు దొర్లుతున్నప్పుడు దగ్గర్లోని స్టూలు, గాజు సామాను పక్కకు జరపండి. తల నేలకు కొట్టుకుంటుంటే మధ్యలో మీ అరచేయో దిండో పెట్టండి. నిలబడి పైనుంచి అరవకుండా కింద కూర్చోండి. ఒక్కసారే చెప్పండి: “ఫోన్ కావాలని కోపం వచ్చింది. ఫోన్ ఇవ్వను. అమ్మ ఇక్కడే ఉంది.” ఆ తర్వాత వాదన వద్దు. ఆ ఉధృతిలో మూడేళ్ల బుర్రకు కారణాలు ఎక్కవు, మీ గొంతు ఎలా ఉందన్నదే ఎక్కుతుంది. ముట్టుకోనిస్తే వీపు మీద చేయి వేసి నిదానంగా నిమరండి. తోసేస్తే మూరెడు దూరం జరిగి అక్కడే ఉండండి. వెక్కిళ్లకు దిగాక ఎత్తుకుని మంచినీళ్లు తాగించండి. తప్పొప్పుల మాట ఒక అరగంట ఆగాక, అదీ రెండు వాక్యాల్లో.

ముందు ఊరడింపు, తర్వాతే మాట అన్న ఈ వరుస బైబిల్లోనూ కనిపిస్తుంది. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడి చచ్చిపోతానంటాడు. దేవదూత తట్టి లేపి అప్పం, నీళ్లు ఇస్తాడు. ఏలీయా మళ్లీ పడుకుంటాడు, మళ్లీ లేపి తినిపిస్తాడు. ‘ఇక్కడ నీవేమి చేయుచున్నావు’ అన్న ప్రశ్న ఆ తర్వాత హోరేబు కొండ దగ్గరే వస్తుంది.

మీ మామగారి భయం ఒక్కచోట న్యాయమైనదే. చాలామంది తల్లులు ఊరడించడానికీ లొంగిపోవడానికీ తేడా పాటించరు. పది నిమిషాలు ఏడిచాక ఫోన్ చేతిలో పెడితే, పది నిమిషాలు ఏడిస్తే ఫోన్ వస్తుందని మీరే నేర్పినట్టు. ఒకరోజు ఇచ్చి ఒకరోజు మానేస్తే ఇంకా మొండికేస్తాడు, ఎందుకంటే ఈరోజు వస్తుందేమోనన్న ఆశ మిగులుతుంది. ఒడి ఎప్పుడూ ఇవ్వండి, ఫోన్ మాత్రం ఇవ్వకండి. మామగారు, మీరు, మీవారు ముగ్గురూ ఒకే మాట మీద ఉండాలి, లేకపోతే వాడు తాతయ్య గదికి పరుగెత్తుతాడు.

తలకు దెబ్బలు తగిలేంతగా బాదుకుంటున్నా, రోజుకు చాలాసార్లు ఇదే అయినా, మాటలు ఆలస్యమైనా పిల్లల డాక్టరుకు చూపించండి. ఏడుస్తూ ఊపిరి బిగబట్టి నీలంగా మారుతుంటే ఐరన్ లోపం ఉందేమో రక్తపరీక్ష అడగండి.

ప్రశ్న: మా పాపకు ఏడు వారాలు. సాయంత్రం ఆరైతే చాలు, గుక్కపట్టి ఏడుస్తుంది. ఎత్తుకుంటే చేతులకు అలవాటు పడుతుందని అమ్మ అంటోంది. నేను నర్సును, త్వరలో డ్యూటీకి వెళ్లాలి. బిడ్డతో అనుబంధం తెగిపోతుందేమోనని దిగులు. - ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఎత్తుకోండి. పిల్లల ఏడుపు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య బాగా పెరిగి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. మీ పాప సరిగ్గా ఆ శిఖరం మీద ఉంది. మనస్తత్వ పరిశోధకులు మేరీ ఎయిన్స్‌వర్త్, సిల్వియా బెల్ 1972లో ప్రచురించిన పరిశీలనలో, తొలి నెలల్లో ఏడుపుకు వెంటనే పలికిన తల్లుల బిడ్డలు ఏడాది చివరికి తక్కువ ఏడ్చారు. ‘ఒకని తల్లి వానిని ఆదరించునట్లు నేను మిమ్మును ఆదరించెదను’ (యెషయా 66:13) అని దేవుడే తల్లి పనితో తనను పోల్చుకున్నాడు. అలాంటి పనిని చెడు అలవాటు అనడం మాకు రుచించదు.

వరుసగా చూడండి: ఆకలి, తడిసిన బట్ట, చెమట, వేలికి చుట్టుకున్న దారం లేదా వెంట్రుక. ఏదీ కాకపోతే లైట్లు తగ్గించి, గుండెకు ఆనించుకుని, నడుస్తూ ఒకే జోల పాడండి. రెండు నిమిషాలకోసారి భుజం మార్చడం, గిలక ఊపడం, చేతులు మార్చడం చేస్తే పాప ఇంకా రేగుతుంది. ఒక పద్ధతి పట్టుకుని కనీసం ఐదు నిమిషాలు ఆగండి. ఏడాది లోపు తేనె నాకించకండి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితే అది రాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

మీ ఓపిక తెగిపోతోందనిపిస్తే పాపను ఊయలలో వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఐదు పది నిమిషాలు బయట నిలబడండి. ఏడుస్తున్నా ఫరవాలేదు. కోపంలో ఎన్నడూ ఊపేయకూడదు, మెదడులో రక్తస్రావం అవుతుంది.

డ్యూటీ సంగతి. 24 గంటలూ ఒంటికి కట్టుకు తిరిగితేనే అనుబంధమన్నది అమెరికా పిల్లల డాక్టరు విలియం సియర్స్ ప్రచారం చేసిన పద్ధతిని అతిగా పట్టుకున్నవాళ్ల మాట. ఆయన సలహాలు కొన్ని మంచివే. కానీ తల్లీబిడ్డల అనుబంధం మీద బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ చెప్పిన సిద్ధాంతం అడిగేది, బిడ్డ బెదిరినప్పుడు నమ్మకంగా పలికే మనుషులు కొద్దిమంది ఉండాలనే. ఆ కొద్దిమందిలో మీ అమ్మగారూ ఒకరు కావచ్చు. అందుకే ముందు ఆవిణ్ణి ఎత్తుకోవడానికి ఒప్పించండి.

ప్రశ్న: ఆరాధనలో వాక్యం చెబుతుంటే మా నాలుగేళ్ల పాప కేకలు పెడుతుంది. దురాత్మ పనేమో, గద్దించి ప్రార్థించాలని ఒకరన్నారు. - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు స్పీకర్ బాక్సుకు ఎంత దూరంలో కూర్చుంటున్నారో చూడండి. డ్రమ్స్, రెండున్నర గంటల కూర్చోవడం, పొద్దున టిఫిన్ సరిగ్గా తినకపోవడం, ఇవి చాలు నాలుగేళ్ల పిల్లకు. తలుపు పక్కన కూర్చోండి, చప్పుడు చేయని తినుబండారం, బొమ్మలు వేయడానికి కాగితం దగ్గర పెట్టుకోండి. గోల మొదలవగానే, పెద్దదయ్యే దాకా ఆగకుండా, చెట్టు నీడకు తీసుకెళ్లి చల్లారాక లోపలికి రండి. చుట్టూ నలుగురు చేరి గద్దిస్తుంటే బెదిరిన పిల్ల ఇంకా కేకలు వేస్తుంది, దాంతో దురాత్మ మాట నిజమన్నట్టు అవుతుంది. మీకు ప్రార్థించాలనిపిస్తే పాపను ఎత్తుకుని, చెవి దగ్గర మెల్లగా చేయండి. చిన్నపిల్లల్ని తెచ్చినవాళ్లను గద్దించింది శిష్యులు, వాళ్ల మీద కోపపడింది యేసు (మార్కు 10:13-16).

ప్రశ్న: అన్నం తినకపోతే ‘యేసయ్య కొడతాడు’ అని నానమ్మ బెదిరిస్తోంది. - హైదరాబాద్

జవాబు: బూచాడి స్థానంలో యేసయ్యను పెట్టినట్టే. రాత్రి అదే యేసయ్యకు ప్రార్థన చేయమంటే పిల్లలు దుప్పటి ముసుగేస్తారు. నానమ్మను పిల్లల ముందు తప్పుపట్టకుండా, ఆవిడకు వేరే పని అప్పగించండి: తినిపించేటప్పుడు బైబిలు కథ చెప్పడం.

ప్రశ్న: కోపంలో మా అబ్బాయి మీద అరిచేశాను. తండ్రి క్షమాపణ అడిగితే లోకువైపోడా? - విశాఖపట్నం

జవాబు: అవరు. “నాన్న గట్టిగా అరిచాడు. అది తప్పు. క్షమించు” అని ఆపేయండి. “నువ్వు అలా చేశావు కాబట్టి” అని తోక తగిలిస్తే అది మళ్లీ నేరారోపణే. వాడు చేసిన పని గురించి వేరే పూట మాట్లాడండి, పెట్టిన హద్దును సడలించకండి.