స్క్వాట్ అడుగున వచ్చే బౌన్స్ దొంగబలమా, సొంతబలమా?

విశాఖ ఎంవీపీ కాలనీలోని ఒక జిమ్‌లో ఏడాదిగా సాధన చేస్తున్నానని, స్క్వాట్‌లో, అంటే బరువుల కడ్డీని (బార్‌ను) భుజాల మీద పెట్టుకుని గొంతుకూర్చుని లేచేటప్పుడు, అడుగున ఆగి లేస్తే 90 కిలోలు దాటడం లేదని, దిగిన ఊపులోనే లేస్తే 105 కిలోలు కూడా వస్తున్నాయని, తోటివారు దాన్ని దొంగబలం అంటున్నారని మీరు రాశారు. ఆ ఊపును సాధనలో వాడుకుంటే బలం పెరుగుతుందా అన్నది మీ ప్రశ్న. పెరుగుతుంది. అయితే బిగువుగా ఉన్న కండరం సాగి తిరిగి ముడుచుకున్నప్పుడు వచ్చే ఊపు వేరు, బిగువు వదిలేసి కిందకు పడిపోయిన శరీరం మోకాలి కీలు మీద తన్నుకుని లేచే ఊపు వేరు. బయటి నుంచి చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది, ఒక మోకాలు దెబ్బతింది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆమదాలవలస ప్రాంతం నుంచి వెళ్లిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో (బార్‌ను నేల నుంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల వరకు ఎత్తడం క్లీన్, అక్కడి నుంచి తలపైకి నెట్టడం జెర్క్) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన తర్వాత మా ఉత్తరాంధ్ర కుర్రవాళ్లు ఎందరో బార్ పట్టుకున్నారు. వారిలో నేనూ ఒకడిని. 2003 నుంచి గాజువాకలో సాధన చేశాను, 69 కిలోల విభాగంలో జిల్లా స్థాయి వరకు పోటీ పడ్డాను. ఇప్పుడు ఉద్యోగం చూసుకుంటూనే ఉదయం పూట కొందరు పిల్లలకు లిఫ్టింగ్ నేర్పుతున్నాను.

ఈ ఊపు కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. పూర్ణా మార్కెట్‌లో బియ్యం బస్తాలు దించే ముఠా కూలీలను ఒకసారి గమనించండి. బస్తాను భుజం మీద పైకి సర్దుకునేటప్పుడు మనిషి మోకాళ్లను కొద్దిగా వంచి, ఆ వంపు ముగిసీ ముగియకముందే పైకి లేస్తాడు. వంచి, ఆగి, అప్పుడు లేచేవాడు నాకు ఒక్కడూ కనిపించలేదు. అలా లేస్తే బరువు ఎక్కువనిపిస్తుందని శరీరానికి తెలుసు.

దీని వెనుక మూడు కారణాలు కలిసి పనిచేస్తాయి. కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ బరువు కింద సాగి, స్ప్రింగులాగా స్థితిస్థాపక శక్తిని దాచుకుని, వదిలినప్పుడు అందులో అధిక భాగాన్ని తిరిగి ఇస్తుంది. కండరం లోపల ఉండే మజిల్ స్పిండిల్స్ అనే సన్నని గ్రాహకాలు, కండరం వేగంగా సాగుతున్నదని వెన్నుపాముకు తెలిపి, వెంటనే ముడుచుకొమ్మనే ఆజ్ఞను తెప్పిస్తాయి. వైద్యులు మోకాలిచిప్ప కింద చిన్న సుత్తితో తట్టినప్పుడు కాలు ముందుకు ఎగరడం కూడా ఇదే చర్య. మూడవ కారణాన్ని జిమ్‌లో ఎవరూ ప్రస్తావించరు. కండరం సున్నా నుంచి పూర్తి బిగువుకు చేరడానికి కొంత సమయం కావాలి. కిందకు దిగుతూ బరువును ఆపే ప్రయత్నంలోనే ఆ బిగువు వచ్చేస్తుంది కనుక, పైకి కదలడం మొదలయ్యే క్షణానికే కండరం పూర్తి శక్తితో నెడుతూ ఉంటుంది. మోకాళ్లు వంచి ఆగి ఎగిరినదానికంటే, వంచిన ఊపులోనే ఎగిరినప్పుడు ఎత్తు ఎందుకు పెరుగుతుందో పరిశీలించిన మార్టెన్ బాబర్ట్ బృందం 1996లో ఈ మూడవ కారణానికే ప్రాధాన్యం ఇచ్చింది. బరువైన స్క్వాట్ విషయంలో నా అనుభవం కూడా దానికే దగ్గరగా ఉంది. జెర్క్‌లో పైకి నెట్టే ముందు మోకాళ్లను కొద్దిగా వంచే చిన్న డిప్‌లో మాత్రం టెండన్ వాటా ఎక్కువని నాకు అనిపిస్తుంది.

ఈ లాభం ఎక్కువసేపు నిలవదు. బల్ల మీద పడుకుని బార్‌ను ఛాతీ మీదకు దించి పైకి నెట్టే బెంచ్ ప్రెస్‌లో, దించడానికీ నెట్టడానికీ మధ్య విరామం పెంచుతూ పోయి, దాని ఫలితాన్ని కొలిచిన ఒక అధ్యయనం 1991లో వెలువడింది. ఆ లాభానికి అర్ధాయువు సుమారు 0.85 సెకను అని అందులో తేలింది. అంటే ఒక్క సెకను ఆగినా సగానికి పైగా పోతుంది, నాలుగు సెకన్లు ఆగితే దాదాపు ఏమీ మిగలదు. పవర్‌లిఫ్టింగ్ పోటీలో బెంచ్ ప్రెస్ చేసేవారు ఛాతీ మీద బార్ కదలకుండా ఆపాలి కనుక వారికి ఈ ఊపు పెద్దగా ఉపయోగపడదు. క్లీన్ అండ్ జెర్క్ చేసేవారికి ఇది లేకుండా పూట గడవదు.

నా సంగతికి వస్తే, 2005లో నా ఫ్రంట్ స్క్వాట్ (బార్‌ను భుజాల ముందు వైపు పెట్టుకుని చేసే స్క్వాట్) 120 కిలోల దగ్గర ఏడు నెలలు కదలకుండా ఆగిపోయింది. అప్పుడు మాకు నేర్పుతున్న పెద్దాయన అడుగున మూడు సెకన్లు కూర్చుని లేవమన్నారు. 100 కిలోలతో కూడా లేవలేకపోయాను. "అబ్బాయ్, ఆ ఇరవై కిలోలూ నువ్వు ఎత్తడం లేదు, నీ మోకాళ్లు మోస్తున్నాయి" అన్నారు ఆయన. నిజానికి నేను సగం దూరం దిగిన తర్వాత తొడ కండరాలను వదిలేసి, పిక్కల మీద తొడలు పడేవరకు జారిపోయి, ఆ తాకిడితో లేస్తున్నాను. అందులో సాగి తిరిగి ముడుచుకునే కండరం లేదు. బిగువు లేని కండరం సాగినా టెండన్ మీద లాగుడు పడదు, లాగుడు పడని చోట శక్తి దాగదు.

ఆరు వారాల పాటు ఆయన నాకు ఊపును పూర్తిగా మాన్పించారు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ దిగడం, అడుగున మూడు సెకన్లు ఊపిరి బిగబట్టి కూర్చోవడం, లేవడం. వరుసగా మూడు సార్లు చేస్తే ఒక సెట్, అలాంటి సెట్లు ఐదు, వారానికి రెండు రోజులు. ఆగి లేచే బరువు 112కు చేరిన తర్వాత మళ్లీ ఊపును తెమ్మన్నారు, కానీ కొత్త పద్ధతిలో. పైమూడు వంతుల దూరం మామూలు వేగంతో, నేలలోకి పాదాలను నొక్కుతూ దిగాలి. చివరి నాలుగో వంతులో మాత్రమే వేగం కొద్దిగా పెంచాలి. అడుగుకు చేరిన తర్వాత పైకి నెట్టాలనుకుంటే ఆలస్యమైపోతుంది. ఇంకా దిగుతుండగానే పైకి నెట్టడం మొదలుపెట్టాలి. అడుగున నడుము వంకర తిరగకూడదు, మడమ లేవకూడదు, మోకాళ్లు లోపలికి రాకూడదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రోజుకు బరువు తగ్గించాలి. ఇలా పది వారాలు చేసిన తర్వాత ఫ్రంట్ స్క్వాట్ 130 వచ్చింది, 104 దగ్గర ఉన్న క్లీన్ 111 అయింది. పెరిగిన ఆ పది కిలోల కంటే, అడుగున ఉన్నప్పుడు ఉండే భయం పోవడమే నాకు ఎక్కువ మేలు చేసింది.

జెర్క్‌లో డిప్ ఇంకా సున్నితమైనది. లోతు మనిషి ఎత్తులో పదో వంతు చాలు. నాకైతే 17 సెంటీమీటర్లు. అంతకంటే లోతుకు పోతే ఊపు నీరుగారిపోతుంది. పురుషుల పోటీ బార్ 20 కిలోల బరువు, 28 మిల్లీమీటర్ల మందం. డిప్‌ను ఒక్కసారిగా ఆపినప్పుడు దాని రెండు కొనలూ కిందకు వంగి తిరిగి లేస్తాయి. ఆ లేచే క్షణానికి మీ కాళ్ల తోపు కలిస్తే బరువు తేలిపోయినట్లు అనిపిస్తుంది. అయితే జెర్క్‌కు ముందు బార్‌ను కావాలని ఊపి లాభం పొందడాన్ని నియమాలు ఒప్పుకోవు. మనిషీ బార్ కూడా నిశ్చలంగా నిలిచిన తర్వాతే డిప్ మొదలుకావాలి. జిమ్‌లలో ఉండే లావుపాటి బార్లు ఇలా వంగవు కనుక, వాటితో డిప్ లయ కుదరలేదని మీరు నిరాశపడవద్దు.

ఇక ప్రమాదం గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ ఆపే క్షణంలో టెండన్ మీద పడే భారం ఊహకు అందనిది. ఒక పోటీలో 175 కిలోలు జెర్క్ చేయబోతూ మోకాలి టెండన్ తెగిన లిఫ్టర్ చలనచిత్రాన్ని విశ్లేషించి 1977లో ఒక పరిశోధనాపత్రం వెలువడింది. తెగే క్షణంలో ఆ టెండన్ మీద అతని శరీర బరువుకు సుమారు 17.5 రెట్ల భారం ఉందని లెక్కగట్టారు. నేను ఇది చదివింది దెబ్బ తగిలిన తర్వాత.

యూరీ వెర్ఖోషాన్‌స్కీ అనే శిక్షకుడు సోవియట్ క్రీడాకారుల కోసం రూపొందించిన, ఎత్తు నుంచి దూకి నేల తాకగానే మళ్లీ ఎగిరే పద్ధతి గురించి 2006లో విన్నాను. అది ఏళ్ల తరబడి బరువులెత్తి గట్టిపడిన కాళ్లకు, కొద్ది మోతాదులో ఇవ్వవలసిన సాధన. నేను మాత్రం మా ఇంటి వెనుక మీటరు ఎత్తు గోడ మీద నుంచి సిమెంటు గచ్చు మీదకు, వారానికి నాలుగు రోజులు, రోజుకు అరవై దూకుళ్లు చేశాను. ఐదో వారానికి కుడి మోకాలిచిప్ప కింద సూది గుచ్చినట్లు నొప్పి మొదలైంది. కైలాసగిరి మెట్లు దిగడం కూడా కష్టమైంది. నాలుగు నెలలు జెర్క్ మానేసి, నొప్పి ఓర్చుకోగలిగేంత బరువుతో నెమ్మదిగా దిగే స్క్వాట్లు, గోడకు ఆనుకుని కూర్చుని ఉండే సాధన చేస్తే తగ్గింది. కండరం వారాలలో బలపడుతుంది, టెండన్‌కు నెలలు పడుతుంది. ఈ రెండింటి మధ్య ఎడం ఎక్కువగా ఉన్నప్పుడే దెబ్బలు తగులుతాయి.

మీ 90కీ 105కీ మధ్య ఉన్న తేడాలో ఎంత కండరానిదో, ఎంత జారుడుదో తెలుసుకోవడానికి ఒక చిన్న పని చేయండి. మీరు 95 కిలోలతో ఊపులో లేస్తుండగా పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీయించి, నెమ్మది వేగంలో చూడండి. చివరి నాలుగో వంతుకు ముందే బార్ రాయిలా పడిపోతున్నా, అడుగున నడుము ముడుచుకుంటున్నా, ముందు ఆరు వారాలు ఆగి లేచే సాధన చేయండి. బార్ చివరి వరకూ మీ అదుపులోనే ఉండి, అడుగున ఆగకుండా మలుపు తిరుగుతూ ఉంటే, వారంలో ఒక రోజు ఊపుతో, ఒక రోజు ఆగి లేచే పద్ధతితో చేయండి. ఎగిరే సాధన చేయాలనిపిస్తే మోకాలి ఎత్తులో సగం ఉన్న పెట్టె మీద నుంచి, గచ్చు మీద కాకుండా రబ్బరు మ్యాట్ మీద, రోజుకు ఇరవై దూకుళ్లకు మించకుండా, రెండు రోజుల విరామంతో చేయండి. మోకాలిచిప్ప కింద నొప్పి మరుసటి ఉదయానికి కూడా తగ్గకపోతే ఆ వారం దూకుళ్లు పూర్తిగా ఆపండి. వీడియో తీశాక ఏం కనిపించిందో ఇక్కడే రాయండి, బరువుల లెక్క కలిసి వేద్దాం.